అందరికీ సమాన దూరం

ప్రభుత్వం తమకు దూరంగా ఉందని జనం ఫిర్యాదు చేయడం కొత్త కాదు. ఏటా చేస్తూనే ఉంటారు. ఆ ఏడాది మాత్రం పైన ఎవరో ఆ ఫిర్యాదులను చదివారు. చదివి ఊరుకోకుండా ఒక సంఘాన్ని వేశారు. సంఘం రాష్ట్రమంతా తిరిగి ఒక సంగతి కనిపెట్టింది. జనాన్ని బాధపెడుతున్నది దూరం కాదు, తేడా. మండల కార్యాలయం ఒక ఊరికి కూతవేటులో, ఇంకో ఊరికి రెండు బస్సులు మారాల్సినంత దూరంలో ఉండటం వల్ల ప్రజల మధ్య అసూయ పెరుగుతోంది. దీనికి మందు కార్యాలయాన్ని జనానికి దగ్గర చేయడం కాదు. ఎవరికీ మరీ దగ్గర కాకుండా చూడటం.

అలా పుట్టింది సమదూర పరిపాలన ఉత్తర్వు. ప్రతి మండలానికీ నట్టనడుమ ఉన్న బిందువును శాస్త్రీయంగా గుర్తించి, కార్యాలయాన్ని సరిగ్గా అక్కడికి మార్చాలి.

మా జొన్నగుట్ట అప్పటికి కొత్త మండలం. కార్యాలయం పాత పశువుల ఆసుపత్రిలో నడిచేది. నేను అందులో కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. పైనుంచి వచ్చినవి అచ్చు తీసి ఇవ్వడం, కిందినుంచి వెళ్ళేవి టైపు చేసి పంపడం నా పని. ఈ రెంటికీ మధ్య జరిగేవి చూస్తూ ఉండేదాన్ని. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

తహసీల్దారు చక్రధరరావు గారు ఉత్తర్వును నిలబడి చదివారు. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి మాకు వివరించారు.

"ఇప్పటివరకు ప్రభుత్వం కొందరికి దగ్గరగా, కొందరికి దూరంగా ఉండి పక్షపాతం చూపింది. ఇకమీదట అందరికీ సమానంగా దూరంగా ఉంటుంది."

మేమంతా చప్పట్లు కొట్టాం. మండల సర్వేయరు మద్దిలేటి అన్న మాత్రం గోడమీది పటం వైపు చూస్తూ తల గోక్కున్నాడు.

"సార్, మండలం గుండ్రంగా ఉంటే నడుమ ఏదో తెలుస్తాది. మనది కుక్క కొరికిన రొట్టె మాదిరి ఉండాది. దీనికి నడుమెట్ల చెప్పల్ల?"

"శాస్త్రీయంగా."

"అంటే ఎట్ల సార్?"

"అది అనుబంధంలో ఉంది," అని ఆయన పేజీ తిప్పారు.

అనుబంధంలో నిజంగానే ఉంది. మండలం పటాన్ని ఒక అట్టకు అంటించాలి. హద్దుల వెంబడి కత్తిరించాలి. ఆ అట్టముక్కను సూదిమొన మీద నిలబెట్టాలి. ఏ చోట సూది పెడితే అట్ట ఎటూ ఒరగకుండా నిలుస్తుందో అదే కేంద్రం. కొత్త ప్రింటరు వచ్చిన పెట్టె అట్ట దొరికింది. సూదికి బదులు ఫైళ్ళు కుట్టే దబ్బనం వాడారు. ఫ్యాను ఆపేసి, తలుపులు మూసి, అందరం ఊపిరి బిగబట్టి చూస్తుండగా మద్దిలేటి అన్న దబ్బనం మీద మా మండలాన్ని నిలబెట్టాడు. అది కాసేపు తూగి, ఆగింది.

కేంద్రం ఉప్పరమిట్ట ఊరు దాటాక ఉన్న బీడులో పడింది. కంపచెట్లు తప్ప అక్కడ ఏమీ లేవు. నేల కూడా ప్రభుత్వానిదే. ఎవరికీ నష్టం లేదు.

"ఇంత సులువుగా తేలిపోతే పైవాళ్ళు నమ్ముతారా?" అని తహసీల్దారు గారికి అనుమానం వచ్చింది. అందుకని ఆ అట్టను ధ్రువీకరించాలన్నారు.

ధ్రువీకరణ మొదలైంది. సర్వేయరు సంతకం చేసిన చీటీ ఒక మూల అంటించారు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు చీటీ ఇంకో మూల. ఊళ్ళ కార్యదర్శులు ఎవరి ఊరి దగ్గర వాళ్ళు పిన్నులు కొట్టారు. తహసీల్దారు గారు తమ హోదాకు తగ్గట్టు రూపాయి బిళ్ళ అంత లక్క ముద్ర వేశారు. ఇంతలో మండలాధ్యక్షుల వారు కబురు పంపారు. ప్రభుత్వాన్ని ప్రజల నడుమకు తెస్తున్న నాయకుని చిత్రం లేకపోతే ప్రజలకు ఆ పటం అర్థం కాదని. చిత్రం కూడా ఆయనే పంపారు. దళసరి కాగితం మీద మెరుస్తూ, చుట్టూ బంగారు రంగు ప్లాస్టిక్ అంచుతో ఉంది. నాయకులు పైన ఉండటం మర్యాద కాబట్టి దాన్ని ఉత్తరపు కొసన, బాగా జిగురు పెట్టి అంటించారు.

పైకి పంపేముందు అందరి సమక్షంలో మరోసారి తూచాలని నిబంధన. తూచారు. పాత గుర్తు దగ్గర దబ్బనం పెడితే మండలం ఉత్తరానికి ఒరిగి కింద పడింది. మద్దిలేటి అన్న దబ్బనాన్ని మెల్లగా పైకి జరుపుతూ పోయాడు. బీడు దాటింది, వంక దాటింది, ఉప్పరమిట్ట ఊరు కూడా దాటింది. ఊరవతల రోడ్డు పక్కన అట్ట నిలిచింది.

"ఇది సుంకులమ్మ బొరుగుల బట్టీ సార్," అన్నాడు మద్దిలేటి అన్న. "ఫోటో బరువుకు జరిగింది. ఫోటో పీకేసి తూచితే సరిపోతాది."

రెవెన్యూ ఇన్‌స్పెక్టరు లేచి తలుపు వేసి వచ్చారు.

"మద్దిలేటీ, పీకడం అనే మాట వాడకు," అన్నారు తహసీల్దారు గారు.

"పోనీ, తీస్తే?"

"ఎవరు తీస్తారు?"

ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకున్నాం. మద్దిలేటి అన్న కూడా తన కాళ్ళు చూసుకున్నాడు. కాసేపటికి తహసీల్దారు గారు, కేంద్రం శాస్త్రీయంగా ధ్రువీకరించబడినదని నాచేత టైపు చేయించారు.

*

సుంకులమ్మ మా మండలంలో అందరికీ తెలుసు. పొద్దున ఏ హోటల్లో ఉగ్గాని తిన్నా అందులో బొరుగులు ఆమెవే. ఊరికి ఎడంగా రోడ్డు పక్కన ఒంటిగా ఆమె ఇల్లు, ఇంటి ముందు బట్టీ. కింద వేరుశనగ పొట్టు మంట, పైన పెద్ద ఇనుప బాండ్లి, అందులో కాగే ఇసుక. ఉప్పునీళ్ళలో నానబెట్టి ఆరబెట్టిన బియ్యం ఆ ఇసుకలో వేసి, చీపురుకట్టతో ఒక్క తిప్పు తిప్పితే చిటచిటమని పొంగుతాయి. భర్త పోయాక ఆ బట్టీయే ఆమెకు సంసారం. ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు, ఇంటి కప్పు, నోట్లోకి నాలుగు మెతుకులు, అన్నీ ఆ ఇసుకలోంచే వచ్చాయి.

మేము జీపులో వెళ్ళేసరికి ఆమె బాండ్లి ముందు కూర్చుని ఉంది. మద్దిలేటి అన్న మాట్లాడకుండా బట్టీ గోడమీద సున్నంతో గుణకారం గుర్తు వేశాడు.

"ఏంది నాయనా, నా బట్టీకి సున్నం పూస్తాండావు? దసరా ఇంకా రాలేదే," అంది సుంకులమ్మ.

"పండగ కాదులేక్కా. మండలం నడిమి మచ్చ నీ బట్టీలో పడింది."

"పడితే తీసుకోని పోండి. నేనేం దాచిపెట్టుకోను."

తహసీల్దారు గారు ముందుకు వచ్చారు. ఆయన జీవితంలో ఇలాంటి మాటలు చెప్పే అవకాశం ఎక్కువసార్లు రాలేదు కాబట్టి గొంతు సవరించుకున్నారు.

"సుంకులమ్మ గారూ, మీరు అదృష్టవంతులు. ఇకపై మండలంలోని ప్రతి పౌరుడూ మీ బట్టీకి సమాన దూరంలో ఉంటాడు."

"వాళ్ళు ఇప్పుడు యాడుండారో ఆడనే ఉంటారు కద సారూ?"

"ఉంటారు. అయితే ఇప్పుడు శాస్త్రీయంగా ఉంటారు."

"మరి నేను యాడుండల్ల?"

ఆయన ఉత్తర్వు తిరగేశారు. వెనకవైపు కూడా చూశారు. "ఆ అంశం ప్రత్యేకంగా పరిశీలించబడుతుంది," అన్నారు.

సుంకులమ్మ చీపురుకట్ట పక్కన పెట్టి లేచింది. అప్పటిదాకా ఆమె ముఖంలో ఉన్న నవ్వు పోయింది.

"సారూ, ఈ బట్టీ కూలిస్తే ఇంకోటి కట్టే సత్తువ నాకు లేదు. కట్టినా యాడో అడవిలో ఎవరొచ్చి కొంటారు? రోడ్డు పక్కన కాబట్టి బండ్లోళ్ళు నిలబెట్టి తీసుకపోతారు. మీ సెంటరే రవంత అవతలికి జరపరాదా? అదో, ఆ కంపల్లో పెట్టుకుంటే అడిగే నాథుడుండడు."

"కేంద్రం జరగదమ్మా. అది ప్రకృతి ధర్మం. జరగాల్సింది ప్రజలు."

మద్దిలేటి అన్నకు అప్పుడు గట్టిగా దగ్గు వచ్చింది.

ఆ వచ్చే సోమవారం సుంకులమ్మ కార్యాలయానికి వచ్చి అర్జీ పెట్టుకుంది. సోమవారం అర్జీల రోజు. ఆమె చెప్పగా నేనే కంప్యూటర్లోకి ఎక్కించాను. బట్టీ తీయవద్దు, అంతే అర్జీ. ఒక రూలు ప్రకారం అర్జీ తేలేదాకా అర్జీలో ఉన్న ఆస్తిని ఎవరూ కదపకూడదు. ఆ సంగతి తహసీల్దారు గారు చెప్తే ఆమె, "అయితే తేల్చండి సారూ బిరీన," అని వేడుకుంది. తేల్చడానికి కేంద్రం అక్కడే ఉన్నదా అని ఒక నిపుణుని చేత చెప్పించాలి. నిపుణుని కోసం జిల్లాకు రాశాం.

*

నిపుణులు ఆచార్య సదాశివమూర్తి గారు ఒక విశ్వవిద్యాలయం నుంచి వచ్చారు. ఆయన మా అట్టను చేతిలోకి తీసుకుని చాలాసేపు నవ్వారు.

"ఇది చదునుగా ఉంది," అన్నారు. "భూమి చదునుగా ఉందా?"

తహసీల్దారు గారు జాగ్రత్తగా జవాబిచ్చారు. "ఆ విషయంలో మాకు స్పష్టమైన ఉత్తర్వులు లేవండి."

"భూమి గుండ్రంగా ఉంది. కాబట్టి మీ మండలం వంగి ఉంది. ఈ కొస నుంచి ఆ కొసకు ఇరవై కిలోమీటర్ల మేర అది వంగే ఉంది. మీకు తెలియడం లేదు గానీ."

వంగి ఉన్నామని తెలిసి మేమందరం కొంచెం నిటారుగా నిలబడ్డాం. ఆ మధ్యాహ్నమే అందరం బట్టీ దగ్గరికి వెళ్ళాం. ఆచార్యులు చుట్టూ చూసి, సుంకులమ్మ బాండ్లిలో ఇసుక ఖాళీ చేయించి దాన్ని నేలమీద బోర్లించమన్నారు.

"అయ్యా, అది కాగిన బాండ్లి. చెయ్యి పెట్టేవు," అంది సుంకులమ్మ. కాసేపు ఆగారు.

బాండ్లి చల్లారాక ఆయన దాని వీపు మీద చెయ్యి వేసి చెప్పారు. "ఇదీ మీ మండలం. వంగిన రేకు. దీని బరువుకు కేంద్రం ఎక్కడుంటుంది? రేకులో ఉండదు. ఎందుకంటే అంచులన్నీ కిందికి దిగి ఉన్నాయి. కేంద్రం ఈ బోర్లించిన బాండ్లి కింద, ఖాళీలో ఉంటుంది. మీ మండలం కేంద్రం కూడా నేలమీద లేదు. నేల కింద ఉంది."

"ఎంత కింద?" అన్నారు తహసీల్దారు గారు.

ఆచార్యులు సెల్‌ఫోనులో లెక్క వేశారు. "పదమూడు అడుగులు. ఒక అంగుళం అటూ ఇటూ."

మద్దిలేటి అన్న సందు దొరికిందనుకుని అడిగాడు. "అయ్యా, లోతు సరే. ఆ అట్టమీద ఫోటో బరువుకు కేంద్రం ఇక్కడికి జరిగింది. అది కూడా రవంత…"

"నన్ను వంపు గురించి అడిగారు," అన్నారు ఆచార్యులు. "ఫోటో గురించి అడగలేదు."

సుంకులమ్మ ముఖం మాత్రం విప్పారింది. నాకేసి తిరిగి మెల్లగా అడిగింది. "పాపా, అంటే సెంటరు నా బట్టీలో లేనట్టే కద? కిందుంది కద?"

"అవునమ్మా," అన్నాను.

"సారూ, వింటిరా. అడుగున ఉండేది మీది, పైనుండేది నాది. మీ పాటికి మీరు కింద ఉండండి. నేను మీ జోలికి రాను."

తహసీల్దారు గారు ఆలోచనలో పడ్డారు. పైనేల తీసుకుంటే పరిహారం ఇవ్వాలి, కోర్టులు, వాయిదాలు. పదమూడు అడుగుల కింద ఏముందో ఎవరికీ పట్టా లేదు. రోడ్డు అవతలి నుంచి అడుగున అడ్డంగా తవ్వుకుంటూ వస్తే బట్టీ ఇటుక కూడా కదలదు. ఆయన కళ్ళు మెరిశాయి.

"ప్రభుత్వానికి లోతైన ఆలోచన అవసరమని నేను ఎప్పటినుంచో అంటున్నాను," అన్నారు.

*

తవ్వకం ఎండాకాలంలో మొదలై వానలు పడేలోగా పూర్తయింది. రోడ్డు అవతల గొయ్యి, అందులోకి ఇనుప నిచ్చెన, నిచ్చెన దిగాక సొరంగం, సొరంగం కొసన కార్యాలయం. కప్పుకు ఇనుప దూలాలు. మండలాధ్యక్షుల వారు గోతి అంచున కొబ్బరికాయ కొట్టి, పెద్దల ఆశీస్సులతో ప్రభుత్వం వేళ్ళూనుకుంటున్నదని ప్రసంగించారు. లోపలికి మాత్రం దిగలేదు. మోకాళ్ళ నొప్పులట.

దిగాక ఒక చిక్కు వచ్చింది. కేంద్రం అంటే ఒక బిందువు. ఆ బిందువు దగ్గర ఏది ఉండాలి? తహసీల్దారు గారి కుర్చీయా, ఆయన గుండెకాయా, తలకాయా? దీనిమీద రెండు వారాలు ఉత్తరాలు నడిచాయి. చివరికి పరిపాలన అంటే సంతకమే కాబట్టి ఆయన కలం మొన సరిగ్గా కేంద్రంలో ఉండాలని తేలింది. బల్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు సరిచేశారు. ఆ ఎత్తుకు కుర్చీ సరిపోక ఆయన నిలబడి సంతకాలు చేసేవారు. నిలబడి చేయడం కష్టం కాబట్టి తక్కువ చేసేవారు.

జనం రావడం మొదలుపెట్టారు. కాళ్ళు బాగున్నవాళ్ళు దిగేవాళ్ళు. ముసలివాళ్ళు గోతి అంచున నిలబడి తమ కష్టాలు లోపలికి అరిచేవాళ్ళు. అది చూసి మా అటెండరు బక్కన్న, బకెట్టుకు తాడు కట్టి పైకి పంపే ఏర్పాటు చేశాడు. అర్జీలు వేసిన బకెట్టు దిగేది, ఖాళీ బకెట్టు ఎక్కేది. చేదబావిలో నీళ్ళు కిందినుంచి పైకి వస్తాయి, ఇక్కడ అర్జీలు పైనుంచి కిందికి పోతాయి, అంతే తేడా అని జనం నవ్వుకునేవాళ్ళు.

పైన సుంకులమ్మ మంట వేసినప్పుడు మా కప్పు వేడెక్కేది. ఆమె బియ్యం తిప్పినప్పుడు దూలాల సందుల్లోంచి సన్నటి మట్టి ఫైళ్ళమీద రాలేది. తహసీల్దారు గారు తువ్వాలు మెడకు చుట్టుకుని ఓర్చుకున్నారు. ఆయన ఓర్చుకోవడానికి కారణం ఉంది. రాష్ట్రం మొత్తంలో శాస్త్రీయమైన లోతుకు చేరింది మేమొక్కరమే. సమదూర పరిశీలనాధికారి స్వయంగా వస్తున్నారని కబురందింది.

*

పరిశీలనాధికారి హైమవతి గారు రాజధాని నుంచి వచ్చారు. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని నిచ్చెన దిగారు. కలం మొన దగ్గర ఒక చిన్న పరికరం పెట్టి చూసి, సంతృప్తిగా తలాడించారు. తర్వాత మండలంలోని ప్రతి ఇంటికీ కేంద్రం నుంచి దూరం ఎంతో ఉన్న పట్టిక తెరిపించారు. నేను తెరమీద ఒక్కో పేజీ జరుపుతున్నాను. ఒకచోట ఆవిడ వేలు ఆగింది.

"ఇదేమిటి? ఈ ఇంటికి దూరం పదమూడు అడుగులా?"

తహసీల్దారు గారు కప్పు వైపు చూశారు. కప్పులోంచి కొంచెం మట్టి రాలింది.

"ఒక పౌరురాలికి ప్రభుత్వం పదమూడు అడుగుల్లో ఉంది. మిగతావాళ్ళకు కిలోమీటర్ల దూరంలో ఉంది," అన్నారు హైమవతి గారు. "చక్రధరరావు గారూ, ఇది సమదూరమా?"

"పైభాగం ఆమె పట్టాలో ఉందండి…"

"పట్టా ఉంటే ఉండనివ్వండి. దగ్గరగా ఉండే హక్కు ఎవరిచ్చారు? మండల సగటు దూరం ఎంత?"

నేను చెప్పాను. ఆరున్నర కిలోమీటర్లకు కొంచెం పైన.

"కేంద్రం నుంచి సరిగ్గా అంత దూరంలో ఒక వలయం గీయండి. ఈమెను ఆ వలయం మీదికి మార్చండి. విజయవంతమైతే మిగతా ఊళ్ళను కూడా వరసగా ఆ గీతమీదికి తెద్దాం. దగ్గరి ఊళ్ళు వెనక్కి, దూరపు ఊళ్ళు ముందుకి. మండలంలో ప్రతి మనిషీ ఆ గీతమీదే ఉంటాడు. మధ్యలో మనం ఉంటాం. ఒక్క అంగుళం తేడా రాదు." ఆవిడ కళ్ళు దూరంగా దేన్నో చూస్తున్నాయి. అక్కడ చూడటానికి మట్టిగోడ తప్ప ఏమీ లేదు. "ఈమెను తొలి లబ్ధిదారుగా నమోదు చేయండి."

మద్దిలేటి అన్న గీత గీశాడు. ఉప్పరమిట్టకు ఉత్తరాన ఆ గీత గుట్టల్లోంచి పోయింది. రోడ్డు లేదు, నీళ్ళు లేవు, ఉగ్గాని హోటళ్ళు అసలే లేవు.

తొలి లబ్ధిదారును పిలిపించారు. సుంకులమ్మ చేతికంటిన ఇసుక దులుపుకుంటూ నిచ్చెన దిగింది. సంగతి విన్నది. అంచనా వేస్తున్నట్టు ఒకసారి తహసీల్దారు గారిని, ఒకసారి హైమవతి గారిని చూసింది.

"నేను ఏం తప్పు చేసినాను తల్లీ?" అంది చివరికి.

"తప్పేమీ లేదమ్మా. మీరు ప్రభుత్వానికి మరీ దగ్గరగా ఉన్నారు. అది మిగతావారికి అన్యాయం."

"దగ్గరగానా? నేనా?" సుంకులమ్మ ముక్కుమీద వేలేసుకుంది. "సారూ, ఈయమ్మకు తెల్దు, నువ్వే చెప్పు. పోయిన ఎండలకు ముందు నేనిచ్చిన అర్జీ ఏమాయ?"

"పరిశీలనలో ఉంది," అన్నారు తహసీల్దారు గారు.

"ఆ పొద్దే నా ఎనకాల నిలబడి దిన్నెపాడు మస్తాన్ సాయిబు ఇచ్చినాడు. ఆయనది?"

"అది కూడా పరిశీలనలో ఉంది."

"ఆయన ఊరు యాడుంది? మండలం కొసాన. తెల్లారి బస్సెక్కితే ఎండెక్కినాక అంబటేళకు వస్తాడు. నేను నీ నెత్తిమీద కూసోని ఉండాను. నేను తుమ్మితే నీ ఫైలు మీద మన్ను పడుతాది. నాదీ, ఆయనదీ ఒక్క తావే ఉండాయి. నాకంటే ఆయన దూరమెట్లయితాడు? ఆయనకంటే నేను దగ్గరెట్లయితాను?" ఆమె కప్పు వైపు వేలు చూపించింది. "నిచ్చెన దిగి వచ్చి అడిగినాను, బకెట్లో యేసి అడిగినాను, కప్పుమీద కట్టెతో కొట్టి అడిగినాను. ఏ పొద్దన్నా మీరు నాకు దగ్గరగా ఉంటిరా? ఉంటే చెప్పండి, నేనే మూటగట్టుకోని ఆ గుట్టలకు పోతా."

తహసీల్దారు గారు నుదురు తుడుచుకున్నారు. ఇక ఆయనకు బదిలీ తప్పదని మేమందరం అనుకున్నాం. పరిశీలనాధికారి మెల్లగా కళ్ళజోడు తీశారు.

"అమ్మాయీ," అన్నారు నావైపు తిరిగి, "అర్జీల వివరాలు తియ్యి. అన్ని ఊళ్ళవీ."

తీశాను. దగ్గరి ఊరు ఉప్పరమిట్ట అర్జీలు, పరిశీలనలో. కొసన ఉన్న దిన్నెపాడు అర్జీలు, పరిశీలనలో. తూర్పు ఊళ్ళు, పడమటి ఊళ్ళు, తండాలు, పేటలు. ఏ ఊరు తెరిచినా ఒకే మాట. ఎక్కడా ఒక్క ఊరు ముందుకు గానీ వెనక్కు గానీ లేదు.

హైమవతి గారు లేచి నిలబడ్డారు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

"చక్రధరరావు గారూ, మేము పైన కూర్చుని కిలోమీటర్లు లెక్కపెడుతున్నాం. మీరు ఉత్తర్వుల ఆత్మను పట్టుకున్నారు. అందరికీ సమానంగా దూరం అంటే ఇది కదా. నేను తిరిగిన ఏ మండలంలోనూ ఇంత కచ్చితంగా సాధించినవాళ్ళు లేరు. అక్కడ తెలిసినవాళ్ళవి ఒకటో రెండో తేలిపోయి ఉంటాయి."

తహసీల్దారు గారు సిగ్గుపడ్డారు. "సిబ్బంది సహకారం కూడా ఉందండి," అన్నారు.

అక్కడికక్కడే ఆవిడ చెప్పగా నేను టైపు చేశాను. ఇకపై దూరం కిలోమీటర్లలో కాక పనుల్లో కొలవబడుతుంది. సదరు సుంకులమ్మ, నివాసం కేంద్రానికి పదమూడు అడుగుల ఎత్తున ఉన్నప్పటికీ, ప్రభుత్వానికి మిగతా ప్రజలందరితో సమానమైన దూరంలోనే ఉన్నదని నిర్ధారించడమైనది. కనుక ఆమెను మార్చనవసరం లేదు. కలం మొన కేంద్రంలో పెట్టి తహసీల్దారు గారు దానిమీద సంతకం చేశారు.

"బట్టీ ఉంటుందా తల్లీ?" అంది సుంకులమ్మ.

"ఉంటుంది. ఒక షరతు మీద," అన్నారు హైమవతి గారు. "మీ దూరం తగ్గకూడదు. మీ అర్జీ తేలిందంటే మీరు దగ్గరైనట్టు. అప్పుడు మిమ్మల్ని ఆ గీతమీదికి పంపక తప్పదు."

సుంకులమ్మ దాన్ని మనసులో రెండుసార్లు తిప్పుకుంది. "తేలకుండా నేను చూసుకుంటా," అంది.

*

అప్పటినుంచి ప్రతి సోమవారం ఆమె నిచ్చెన దిగి వచ్చేది. అర్జీదారు రాకపోతే అర్జీ కొట్టివేసే రూలు ఒకటి ఉంది, కొట్టివేసినా తేలినట్టే. అందుకని రావడం తప్పనిసరి.

"సారూ, నా అర్జీ ఏమాయ?"

"పరిశీలనలో ఉందమ్మా."

"సల్లగుండు సామీ," అని నిచ్చెన ఎక్కిపోయేది. కాసేపటికి మా కప్పు వేడెక్కేది.

చక్రధరరావు గారికి ఈ విజయం మీద పదోన్నతి వచ్చి, ఇంకా లోతుగా తవ్వాల్సిన జిల్లా కేంద్రానికి వెళ్ళిపోయారు. ఆయన స్థానంలో ఒక కుర్రాయన వచ్చాడు. మొదటి ఉద్యోగం. మొదటి సోమవారం వచ్చేసరికే పాత అర్జీలన్నీ తిరగేసి పెట్టుకున్నాడు. సుంకులమ్మ దిగీదిగగానే కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. ఆ కార్యాలయంలో ఆమెను కూర్చోమన్నవాళ్ళు లేరు. భయంగా మా ముఖాలు చూసింది.

"అన్నిటికన్నా పాతది మీదేనమ్మా," అన్నాడాయన. "బట్టీ తీయవద్దని. ఇందులో పరిశీలించడానికి ఏముంది? ఇన్నాళ్ళు మిమ్మల్ని తిప్పినందుకు నేను సిగ్గుపడుతున్నాను. ఇప్పుడే తేల్చేస్తాను. మీ బట్టీ మీకే ఉంటుందని రాసి ఇస్తాను."

సుంకులమ్మ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

"వద్దు సామీ."

"వద్దా?"

"రాసిస్తే దగ్గరైపోతాను."

ఆయనకు అర్థం కాలేదు. సుంకులమ్మ కొంగుచాటు నుంచి ఒక సంచి తీసి బల్లమీద పెట్టింది. "ఇప్పుడే దించిన బొరుగులు నాయనా. ఇంటికి తీసుకపో. ఉగ్గాని చేసుకోండి. నా పనికి తొందరేముంది? నిమ్మళంగా చూద్దువు."

పని కావడానికి ఇచ్చేవాళ్ళను ఆ బల్ల దగ్గర చాలామందిని చూశాను. కాకుండా ఉండటానికి ఇవ్వబోయిన మనిషిని అప్పుడే చూశాను.

ఆయన సంచి వెనక్కి నెట్టాడు. "అమ్మా, నేను ఏమీ తీసుకోను. ఊరికే చేసిపెడతాను."

"అదే కద నాయనా నా భయం," అంది సుంకులమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు మద్దిలేటి అన్న లేచి వెళ్ళి, గుట్టల్లోంచి పోయే గీత ఉన్న పటం ఆయన ముందు పరిచి, చెవిలో సంగతంతా చెప్పాడు. ఆయన గీతను చూశాడు. ఆమెను చూశాడు. అప్పటికే సగం రాసిన కాగితాన్ని చూశాడు. కలానికి మూత పెట్టాలా వద్దా అని చాలాసేపు దాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు. చివరికి పెట్టాడు.

"పరిశీలిస్తానమ్మా," అన్నాడు.

మొదటిసారి కావడం వల్ల ఆ మాట ఆయన నోట కొంచెం తడబడింది. మరుసటి సోమవారానికి సాఫీగానే వచ్చింది.